కెర్నల్‌లో మెమరీ పేజీల మార్పులు: ఏం మారుతోంది, పరిశీలన ఎందుకంత కష్టం

క్లుప్తంగా: లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్, మెమరీని నిర్వహించే పద్ధతి 2022 నుంచి విడతలవారీగా మారుతూ వస్తోంది. ర్యామ్‌ను పేజీలనే చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో 4 కేబీ పేజీని విడిగా లెక్కపెట్టే పాత పద్ధతి నుంచి, కొన్ని పేజీలను కలిపి ఒకే వస్తువుగా చూసే ఫోలియో పద్ధతికి మారడం ఇందులో ప్రధానం. ఆండ్రాయిడ్‌లో వినిపిస్తున్న 16 కేబీ పేజీ వేరే సంగతి. అయితే రెండు చోట్లా ఇబ్బంది ఒకే వైపు నుంచి వస్తోంది. కొత్తగా రాసిన కోడ్ కన్నా, పాత అంచనా మీద ఆధారపడి ముట్టుకోకుండా వదిలేసిన కోడే ఎక్కువగా దెబ్బతింటోంది.

ఇప్పుడెందుకు ఈ చర్చ

ఆండ్రాయిడ్ 15, ఆ పై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకుని గూగుల్ ప్లేలోకి వచ్చే కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 64 బిట్ ఫోన్లలో 16 కేబీ పేజీ సైజుకు పనికొచ్చేలా ఉండాలన్న నిబంధన 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దుకాణాలకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు యాప్‌లు చేసిపెట్టే విజయవాడ, గన్నవరం వైపు చిన్న సంస్థలకు పేజీ సైజు అనేది అంతవరకూ పట్టించుకోవాల్సిన విషయమే కాదు. ఫోన్‌లో యాప్ నడిస్తే చాలు. గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు చదివినవాళ్లకు పేజింగ్, టీఎల్‌బీ, ఎల్‌ఆర్‌యూ అన్న పేర్లు తెలుసు. కానీ పరీక్ష పేపర్లో పేజీ సైజు ఇచ్చి లెక్క చేయమంటారే గానీ, ఆ సైజు మారితే ఏమేం కదులుతాయో అడగరు.

దీనికి తోడు సర్వర్ల వైపు నుంచి ఫోలియో, ఎంజీఎల్‌ఆర్‌యూ, ఎంటీహెచ్‌పీ అంటూ మరికొన్ని పేర్లు వచ్చిపడ్డాయి. అన్నీ మెమరీ పేజీల గురించే కావడంతో ఒకదాన్ని మరొకటిగా పొరబడటం మామూలైపోయింది.

4 కేబీ లెక్క ఎక్కడ బరువవుతోంది

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో మూల పేజీ సైజు 4,096 బైట్లు. దీన్ని మార్చే వీలు లేదు. పెద్ద పేజీ కావాలంటే ఆ తర్వాత దొరికేవి 2 ఎంబీ, 1 జీబీ. ఆర్మ్ ప్రాసెసర్లలో మాత్రం మూల పేజీని 4, 16, 64 కేబీల్లో దేనిగానైనా పెట్టుకోవచ్చు.

ప్రతి పేజీకీ కెర్నల్ ఒక చిన్న రికార్డు రాసుకుంటుంది. ఆ పేజీని ఎవరు వాడుతున్నారు, ఎంతమంది పట్టుకుని ఉన్నారు, అందులో ఉన్నది ఏ ఫైలు ముక్క, డిస్కుకు ఇంకా రాయాల్సి ఉందా వంటి వివరాలన్నీ అందులోనే ఉంటాయి. దాని పేరు స్ట్రక్ట్ పేజ్. 64 బిట్ యంత్రాల్లో మామూలుగా దాని సైజు 64 బైట్లు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 41,94,304 పేజీలుంటాయి. ఒక్కోదానికి 64 బైట్ల చొప్పున 256 ఎంబీ ఈ లెక్కల పుస్తకానికే పోతుంది. ర్యామ్ మొత్తంలో అది 1.56 శాతం. ల్యాప్‌టాప్‌లో దాన్నెవరూ గమనించరు. 1 టీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో మాత్రం అదే లెక్క 16 జీబీ అవుతుంది.

జాగా ఒక సమస్య అయితే వేగం మరో సమస్య. ప్రోగ్రామ్ వాడే చిరునామాను అసలు ర్యామ్ చిరునామాగా మార్చడానికి ప్రాసెసర్ పేజీ టేబుళ్లను నాలుగు అంచెల్లో వెతకాలి. ప్రతిసారీ అంత వెతుకులాట కుదరదు కాబట్టి, ఈ మధ్య దొరికిన జవాబులను టీఎల్‌బీ అనే సొంత నిల్వలో దాచుకుంటుంది. టీఎల్‌బీ చాలా చిన్నది. 1,536 ఎంట్రీలున్న టీఎల్‌బీ 4 కేబీ పేజీలతో ఒకేసారి 6 ఎంబీ మెమరీని మాత్రమే గుర్తుపెట్టుకోగలదు. అవే ఎంట్రీలు 2 ఎంబీ పేజీలవైతే 3 జీబీ దాకా అందుతుంది. ర్యామ్ వందల రెట్లు పెరిగినా పేజీ అక్కడే ఆగిపోవడం వల్ల వచ్చిన ఒత్తిడి ఇది.

పెద్ద పేజీల ఆలోచన కొత్తదేమీ కాదు. ప్రోగ్రామ్ అడగకుండానే 2 ఎంబీ పేజీలు ఇచ్చే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ సదుపాయం 2011లో 2.6.38 వెర్షన్‌తోనే లినక్స్‌లోకి వచ్చింది. లోపల లెక్కలు రాసే విధానం మాత్రం 4 కేబీ కాలంనాటిదే.

ఫోలియో తెచ్చిన తేడా

అప్పటికే కెర్నల్‌లో కాంపౌండ్ పేజ్ అనేది ఉండేది. వరుసగా ఉన్న కొన్ని పేజీలను కలిపి, మొదటిదాన్ని హెడ్ అని, మిగతావాటిని టెయిల్ అని పిలిచేవారు. అసలు వివరాలన్నీ హెడ్‌లో ఉంటాయి. చిక్కేమిటంటే, ఏ ఫంక్షన్‌కైనా స్ట్రక్ట్ పేజ్ పాయింటర్ (అది ఉన్న చిరునామా) చేతికొస్తే అది మామూలు పేజీయా, హెడ్డా, టెయిలా అన్నది చూడగానే తెలియదు. అందుకే చాలా ఫంక్షన్లు పనిలోకి దిగే ముందు ‘దీని హెడ్ ఎక్కడ’ అని వెతుక్కునేవి. ఒక ఫంక్షన్ వెతికి, తర్వాతి ఫంక్షన్‌ను పిలిస్తే అదీ మళ్లీ వెతికేది. కొన్ని ఫంక్షన్లకు టెయిల్ పేజీ ఇవ్వకూడదు, కొన్నింటికి ఇవ్వొచ్చు. ఏది ఏ రకమో కోడ్ రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందే.

గుంటూరు మిర్చి యార్డుతో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైతు తెచ్చిన 60 టిక్కీల సరుకు ఒక లాటుగా దిగుతుంది. ధర, కొన్నవారి పేరు, కాటా లెక్క అన్నీ ఆ లాటు మీదే నడుస్తాయి. లాటు చీటీ మొదటి టిక్కీకి మాత్రమే కట్టి, మధ్యలో ఏ టిక్కీ పట్టుకున్నా ముందు దాని మొదటి టిక్కీ ఎక్కడుందో వెతికి రమ్మంటే పని ఎలా ఉంటుందో, పాత కెర్నల్‌లో పని అలా ఉండేది. ఫోలియో అంటే లాటునే చేతికివ్వడం.

ఒరాకిల్‌లో పనిచేసే మాథ్యూ విల్కాక్స్ 2020 చివర్లో ఈ ప్రతిపాదన తెచ్చారు. ఫోలియో పాయింటర్ టెయిల్ పేజీని ఎప్పుడూ చూపదు అన్నదే అందులోని కీలకం. అంతకుముందు కోడ్ రాసేవాళ్ల బుర్రలో ఉన్న నియమం ఇప్పుడు కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ చేతికొచ్చింది. ఫోలియో అడిగే ఫంక్షన్‌కు పేజీ ఇస్తే కంపైలరే పట్టుకుంటుంది.

2021లో దీన్ని కెర్నల్ 5.15 వెర్షన్‌లో కలపాలని కోరినా కుదరలేదు. మెమరీ విభాగంలో ఏళ్లుగా పనిచేస్తున్న యోహానెస్ వైనర్ వంటివారి అభ్యంతరాలు బలంగానే ఉన్నాయి. ఫైల్ డేటాకు, ప్రోగ్రామ్ సొంత మెమరీకి, కెర్నల్ లోపలి కేటాయింపులకు ఒకే రకం సరిపోతుందా, లేక ఒక్కోదానికి ఒక్కో రకం ఉండాలా అన్న చుట్టూ చర్చ తిరిగింది. చివరికి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 5.16లో దీన్ని తీసుకున్నారు. ఆ వెర్షన్ 2022 జనవరిలో విడుదలైంది. తర్వాతి పరిణామాలు చూస్తే అభ్యంతరం చెప్పినవారి మాటలోనూ పస ఉందని ఒప్పుకోవాలి. 5.17లో కెర్నల్ లోపలి చిన్న కేటాయింపుల కోసం స్ట్రక్ట్ స్లాబ్‌ను, 6.6లో పేజీ టేబుళ్ల కోసం పీటీడెస్క్‌ను వేరు చేశారు.

ఫైల్ సిస్టమ్‌లు ఒక్కొక్కటిగా దీనికి మారుతున్నాయి. పెద్ద ఫోలియోలను ఎక్స్‌ఎఫ్‌ఎస్ 5.18లోనే అందుకుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండే ఈఎక్స్‌టీ4కు మామూలు ఫైళ్ల విషయంలో ఆ వీలు 2025లో వచ్చిన 6.16 దాకా రాలేదు. ఒకే ఆలోచన రెండు ఫైల్ సిస్టమ్‌లకు చేరడంలో మూడేళ్లకు పైగా తేడా ఉండటానికి ఉన్న కారణాల్లో పరిశీలన కూడా ఒకటి.

ప్యాచ్ చదివేవాళ్లు దేనికోసం వెతుకుతారు

కోడ్‌లో చేయదలచిన మార్పును ప్యాచ్ అంటారు. మెమరీ ప్యాచ్‌లు ఆండ్రూ మోర్టన్ నిర్వహించే శాఖ గుండా టోర్వాల్డ్స్‌కు చేరతాయి. ముందు అస్థిర శాఖలో పెడతారు, లినక్స్ నెక్స్ట్‌లో కలిపి పరీక్షిస్తారు, అభ్యంతరాలు తగ్గాక స్థిర శాఖలోకి జరుపుతారు. తొమ్మిది పది వారాలకు ఒక కొత్త వెర్షన్ వస్తుంది గానీ, కొత్త మార్పులు తీసుకునేది అందులో మొదటి రెండు వారాలే. ఆ గడువు దాటితే తర్వాతి విడత దాకా ఆగాలి. పెద్ద ప్యాచ్‌లు పదికి పైగా సార్లు తిరిగి రాయించుకుని రావడం ఇక్కడ వింతేమీ కాదు.

పరిశీలకులు మొదట చూసేది రిఫరెన్స్ లెక్క. పేజీని పట్టుకున్న ప్రతి చోటా ఒకటి పెరగాలి, వదిలిన ప్రతి చోటా ఒకటి తగ్గాలి. అంతా సవ్యంగా జరిగే దారిలో ఈ లెక్క సాధారణంగా తప్పదు. మధ్యలో మెమరీ దొరక్కపోతేనో, డిస్కు చదవడంలో లోపం వస్తేనో ఫంక్షన్ సగంలో వెనుదిరిగే దారుల్లో తప్పుతుంది. ఒకటి తగ్గించడం మరిచిపోతే ఆ మెమరీ ఎప్పటికీ విడుదల కాదు. ఒకటి అదనంగా తగ్గిస్తే అంతకన్నా ప్రమాదం: ఇంకా వాడుకలో ఉన్న పేజీ మరొకరికి కేటాయింపు అవుతుంది.

రెండోది, ‘ఒక పేజీ’ అని ఎక్కడెక్కడ అనుకున్నారో పట్టుకోవడం. ఉదాహరణకు 16 కేబీల ఫోలియోలో 3,000వ బైటు నుంచి 6,000 బైట్లు కాపీ చేయాలి. 64 బిట్ యంత్రంలో ర్యామ్ అంతా కెర్నల్‌కు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. ఒకే కాపీతో పని అయిపోతుంది, పరీక్షలన్నీ పాసవుతాయి. అదే కోడ్ ర్యామ్‌లో కొంత భాగం (హైమెమ్) కెర్నల్‌కు నేరుగా అందని పాత 32 బిట్ యంత్రం మీదకు వెళితే కథ మారుతుంది. అక్కడ ఫోలియోను మ్యాప్ చేయమని అడిగినా ఒక్కసారికి ఒక్క 4 కేబీ పేజీయే చేతికొస్తుంది. 4,096 దగ్గర హద్దు దాటగానే కాపీ తనది కాని చోటికి వెళ్లిపోతుంది. ఈ తప్పును రాసినవారి ల్యాప్‌టాప్ చూపించదు, వాళ్ల సర్వర్ కూడా చూపించదు. లైను చదివి ‘ఇది పేజీ హద్దు దాటితే ఏమవుతుంది’ అని అడిగే మనిషి కావాలి.

మూడోది అన్నిటికన్నా కష్టం. ప్యాచ్‌లో అసలు కనిపించని కోడ్. 2023 జూన్‌లో వచ్చిన 6.4 దీనికి మంచి ఉదాహరణ. అంతకుముందు పేజీ ఫాల్ట్ వస్తే, అంటే ప్రోగ్రామ్ అడిగిన పేజీ ఇంకా సిద్ధంగా లేకపోతే, ప్రాసెస్ చిరునామాల మొత్తానికి ఉన్న ఒకే తాళం తీసుకోవాల్సి వచ్చేది. థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఎక్కువున్న ప్రోగ్రామ్‌లలో దాని దగ్గర క్యూ కట్టడమే సరిపోయేది. 6.4లో ఒక్కో మెమరీ ప్రాంతానికి విడి తాళం పెట్టారు. మెరుగుదల నిజమే. అయితే ఫోర్క్ చేసే, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు నకలు తయారుచేసే పాత కోడ్ పెద్ద తాళం ఒక్కటి వేసి, ఇక మెమరీ కదలదన్న నమ్మకంతో పేజీ టేబుళ్లను కాపీ చేస్తుంది. ఆ కోడ్‌ను ఎవరూ మార్చలేదు. మారిందల్లా, కాపీ జరుగుతుండగానే మరో థ్రెడ్ చిన్న తాళంతో లోపలికి రాగలగడం. ఫలితంగా ప్రోగ్రామ్‌ల మెమరీ చెడిపోయి కూలిపోవడం మొదలైంది. జులైలోనే దిద్దుబాటు వచ్చింది: ఫోర్క్ సమయంలో ఆ చిన్న తాళాలన్నీ కూడా వేయాలి.

ఇలాంటి సందు చాలాకాలం బయటపడకపోతే ఏమవుతుందో డర్టీ కౌ అనే భద్రతా లోపం చూపించింది. 2016 అక్టోబరులో సరిదిద్దిన ఈ లోపం కనీసం 2007 నాటి 2.6.22 నుంచి కెర్నల్‌లో ఉంది. చదవడానికే అనుమతి ఉన్న ఫైలును ఒక ప్రోగ్రామ్ సొంతంగా మ్యాప్ చేసుకుని అందులో రాయబోతే, కెర్నల్ ఆ పేజీకి విడి నకలు చేసి ఇస్తుంది. నకలు తయారైంది కదా అని, రాయడానికి అడుగుతున్నారన్న గుర్తును తీసేసి మళ్లీ పేజీ కోసం వెతుకుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మరో థ్రెడ్ ‘ఈ నకలు నాకక్కర్లేదు’ అని చెబితే నకలు పోతుంది. గుర్తు కూడా లేదు కాబట్టి కెర్నల్ అసలు పేజీనే చేతికిస్తుంది. రాత నేరుగా అసలు ఫైల్ పేజీలో పడుతుంది. మామూలు యూజర్ రూట్ (పూర్తి అధికారం ఉన్న ఖాతా) అయిపోవడానికి అది చాలు. ఇదే లోపాన్ని పదకొండేళ్ల ముందు దిద్దబోయి, మరో ఆర్కిటెక్చర్‌లో ఇబ్బంది రావడంతో ఆ దిద్దుబాటును వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందని టోర్వాల్డ్స్ 2016 ప్యాచ్‌లోనే రాశారు.

ఇక్కడ ఏ ఒక్క లైనూ విడిగా చూస్తే తప్పుగా కనిపించదు. పేజీల కోడ్‌లో ‘లైన్లు చదివాం, బాగున్నాయి’ అన్న ఆమోదానికి పెద్ద విలువ లేకపోవడానికి కారణం అదే.

బాగుపడేది ఎవరు, నష్టపోయేది ఎవరు

తప్పులు లేకపోయినా మరో ప్రశ్న మిగులుతుంది. పెద్ద పేజీ అందరికీ మేలు చేయదు. రెడిస్ అనే డేటాబేస్ తన డేటాను డిస్కుకు దాచేటప్పుడు ఫోర్క్ చేస్తుంది. ఆ తర్వాత ఒక చిన్న విలువ మారినా, అది ఉన్న పేజీ మొత్తాన్ని నకలు తీయాలి. పేజీ 4 కేబీ అయితే నకలు 4 కేబీ. 2 ఎంబీ పేజీ అయితే కొన్ని బైట్ల కోసం 2 ఎంబీ కదలాలి. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ ఆన్‌లో ఉంటే రెడిస్ హెచ్చరిస్తూ రావడం దీనివల్లే. మొంగోడీబీ డేటాబేస్ కూడా ఏళ్లపాటు దాన్ని ఆపేయమనే చెప్పింది. 8.0 నుంచి ఆన్‌లో ఉంచమంటోంది.

4 కేబీకి, 2 ఎంబీకి మధ్య ఏమీ లేకపోవడమే అసలు ఇరుకు. 2024 మార్చిలో వచ్చిన 6.8లో ఆర్మ్ ఇంజినీర్ రయన్ రాబర్ట్స్ తెచ్చిన ఎంటీహెచ్‌పీ ఈ ఖాళీని పూడ్చింది. ప్రోగ్రామ్ మెమరీకి 16, 32, 64 కేబీ వంటి మధ్య సైజులు ఇవ్వడం దీనితో కుదురుతోంది. లోపల ఫోలియో లేకపోతే ఇది ఇంత తేలిగ్గా వచ్చేది కాదు.

ఎంజీఎల్‌ఆర్‌యూ దారి వేరు. దానికి పేజీ సైజుతో పనిలేదు. ర్యామ్ నిండినప్పుడు ఏ పేజీని బయటికి పంపాలన్నదే దాని పని. పాఠంలో చెప్పే ఎల్‌ఆర్‌యూను, అంటే అన్నిటికన్నా ఎక్కువకాలంగా వాడని పేజీనే ముందు పంపే పద్ధతిని, ఏ కెర్నలూ యథాతథంగా నడపలేదు, ప్రతి మెమరీ వాడకాన్నీ రాసుకోవడం సాధ్యం కాదు కాబట్టి. లినక్స్ చాలాకాలం యాక్టివ్, ఇన్‌యాక్టివ్ అనే రెండు జాబితాలతో నెట్టుకొచ్చింది. గూగుల్ ఇంజినీర్ యూ జావో వాటి స్థానంలో అనేక తరాలుగా విభజించే పద్ధతి ప్రతిపాదించారు. 2021లో మొదలై 2022 డిసెంబరులో 6.1తో అది విడుదలైంది. ఆండ్రాయిడ్, క్రోమ్‌ఓఎస్ పరికరాల్లో మెమరీ ఖాళీ చేసే కెస్వాప్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ సీపీయూ వాడకం 40 శాతం తగ్గిందని ఆ ప్యాచ్‌లతో పాటే గూగుల్ వెల్లడించింది. అంత పెద్ద సంఖ్యలో పరికరాల నుంచి కొలతలు చూపించాక కూడా చేర్చుకోవడానికి ఏడాదిన్నర పైగా పట్టింది.

లెక్కల పుస్తకం ఎంత చిన్నదవుతుంది

ఫోలియో పని ఇంకా సగం దారిలోనే ఉంది. విల్కాక్స్ చెబుతున్న తుది లక్ష్యం, ఒక్కో పేజీకి రాసే రికార్డును 64 బైట్ల నుంచి 8 బైట్లకు తేవడం. ఆ 8 బైట్లలో అసలు వివరాలు ఎక్కడున్నాయో చూపే పాయింటర్ మాత్రమే ఉంటుంది. పైన చెప్పిన 16 జీబీ ల్యాప్‌టాప్‌లో 256 ఎంబీ కాస్తా 32 ఎంబీ అవుతుంది. ఫోలియోల వివరాలకు విడిగా కొంత పోతుంది, కాబట్టి తేడా అంతా మిగులు కాదు. అక్కడికి చేరాలంటే స్ట్రక్ట్ పేజ్‌లోకి నేరుగా చూసే డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్‌లు అన్నీ ఆ అలవాటు మానాలి. మిగిలిన పనిలో ఎక్కువ భాగం ఇదే. ఆకర్షణ లేని పని కాబట్టి పరిశీలించేవాళ్లు దొరకడమూ కష్టమే.

యాప్ తయారీదారులకు 16 కేబీ

ఫోలియో వస్తే యాప్‌లో ఏమీ మార్చక్కర్లేదు. అది కెర్నల్ లోపలి ఏర్పాటు, మూల పేజీ 4 కేబీగానే ఉంటుంది. ఆండ్రాయిడ్ 16 కేబీ మార్పులో మూల పేజీయే మారుతోంది. అది యాప్‌కు నేరుగా తెలుస్తుంది.

కారణం మ్యాపింగ్ నియమం. లైబ్రరీ ఫైలును మెమరీలోకి తెచ్చేటప్పుడు దాని భాగాలు పేజీ హద్దుల మీద కూర్చోవాలి. ఒక భాగం నడపడానికి, ఇంకో భాగం రాయడానికి అనుమతులతో ఉంటాయి. ఒక పేజీకి ఒకే రకం అనుమతి ఉంటుంది. 4,096 హద్దులతో కట్టిన లైబ్రరీలో ఈ రెండు భాగాలూ ఒకే 16 కేబీ పేజీలో పడొచ్చు. అలాంటి లైబ్రరీ మామూలుగా లోడ్ అవ్వదు, యాప్ తెరవగానే మూతపడొచ్చు.

జావా, కోట్లిన్‌లో మాత్రమే రాసిన యాప్‌లకు ఈ టెన్షన్ లేదు. అయితే తాము సీ, సీ ప్లస్ ప్లస్ ముట్టుకోలేదని అనుకునేవాళ్ల యాప్‌లలో కూడా ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్, యూనిటీ రూపంలోనో, పీడీఎఫ్, స్కానింగ్, పేమెంట్ లైబ్రరీల రూపంలోనో నేటివ్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్) ఉంటుంది. చిన్న సంస్థలకు ఎక్కువ ఇబ్బంది అక్కడే. తమ కోడ్‌ను, నేటివ్ కోడ్ బిల్డ్ చేసే ఆండ్రాయిడ్ కిట్ అయిన ఎన్‌డీకే ఆర్28తో మళ్లీ బిల్డ్ చేస్తే 16 కేబీ హద్దులు వాటంతటవే వస్తాయి. మూడేళ్లుగా అప్‌డేట్ లేని బయటి లైబ్రరీకి ఆ వీలుండదు, దాన్ని మార్చుకోవాల్సిందే. బిల్డ్ సరిపోయినా కోడ్‌లో 4,096 అని నేరుగా రాసిన చోట్లు మిగిలిపోతాయి. అక్కడ పేజీ సైజు ఎంతని సిస్టమ్‌నే అడగాలి.

ఖర్చు కూడా ఉంది. 1 కేబీ ఫైలు చదివినా దానికి 16 కేబీ పేజీ కేటాయించాలి. 16 కేబీ ఫోన్లలో మెమరీ వాడకం సగటున కాస్త పెరుగుతుందని గూగులే చెబుతోంది. మెమరీ ఒత్తిడిలో ఉన్నప్పుడు యాప్‌లు తెరుచుకునే సమయం సగటున 3.16 శాతం తగ్గిందని, ఫోన్ ఆన్ అయ్యే సమయం దాదాపు 8 శాతం తగ్గిందని తొలి కొలతల్లో ప్రకటించింది. 3, 4 జీబీ ర్యామ్ ఫోన్లు వాడేవాళ్లు ఎక్కువగా ఉన్నచోట ఈ బేరం ఖరీదైన ఫోన్లలో ఉన్నంత లాభసాటిగా ఉండకపోవచ్చు.

పరీక్షకు కొత్త ఫోన్ కొనాల్సిన పనిలేదు. ఆండ్రాయిడ్ స్టూడియోలో 16 కేబీ ఎమ్యులేటర్ ఇమేజ్ దొరుకుతుంది. అందులోకి ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) వెళ్లి గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్ కమాండ్ ఇస్తే 16384 అని రావాలి. 4096 వస్తే మామూలు ఇమేజే నడుస్తున్నట్టు, అందులో యాప్ చక్కగా తెరుచుకున్నా 16 కేబీ పరీక్ష జరగనట్టే.